చుక్క గుండెలో గుసగుస

పొద్దున్నే కుక్కల ఆస్పత్రి తలుపు తీయగానే డాక్టరమ్మ చేసే మొదటి పని స్టెతస్కోపు బిళ్ళని అరచేతిలో పెట్టుకుని వెచ్చబెట్టడం. చల్లటి బిళ్ళ తగిలితే కూన ఉలిక్కిపడుతుంది, ఉలిక్కిపడితే గుండె పరుగెత్తుతుంది, పరుగెత్తే గుండె అబద్ధం చెబుతుంది అని ఆవిడ వాదం. రెండో పని, వెనక గదివైపు తిరిగి "అత్తయ్యా, లేచారా?" అని కేకెయ్యడం. మూడో పని, "పడుకుంటే కదమ్మాయ్ లేవడానికి" అన్న జవాబు విని మూతి తిప్పుకోవడం.

ఆ ఊరు కొండవాలులో ఉంది. మనుషులకంటే గొర్రెలు ఎక్కువ. గొర్రెల్ని మళ్ళించడానికి కుక్కలు, కుక్కల్ని చూడ్డానికి డాక్టరమ్మ. ఆవిడ మొగుడు ఓడ మీద వంటవాడు. ఏడాదికోసారి వచ్చి, నాలుగు రోజులు నిద్రపోయి, మళ్ళీ వెళ్ళిపోతాడు. కాబట్టి ఇంట్లో మిగిలింది అత్తాకోడళ్ళే. ఇద్దరూ పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒకరినొకరు దెప్పుకుంటారు గానీ, పనిలో దిగితే మాత్రం ఒక్క మనిషే. చెవి కోడలిది, చెయ్యి అత్తగారిది.

ఆ చెయ్యి సంగతి చెప్పాలి కదా. ఒక పొద్దున రొట్టెలబట్టీ ఆయన చొక్కాలో దాచుకుని ఒక కూనని తెచ్చాడు. ఒళ్ళంతా పిండి, ఆయనకీ, దానికీ.

"పాలు తాగుతూ తాగుతూ మధ్యలో ఆగిపోతోందమ్మా. మిగతావన్నీ దీని తల తొక్కుకుంటూ పోతున్నాయి."

డాక్టరమ్మ వెచ్చటి బిళ్ళ ఆనించి, కళ్ళు మూసుకుని వింది. గుండె లబ్ మనడానికీ డబ్ మనడానికీ మధ్య సన్నగా బుస్సుమంటోంది. కుళాయి సరిగ్గా కట్టకపోతే వస్తుంది చూడండి, ఆ చప్పుడు. ఆ ఊళ్ళో దాన్ని గుసగుస అంటారు.

"గుసగుసే. చిన్నది, పాలది."

"అంటే... చచ్చిపోతుందా?"

"మీరు అలా నలిపేస్తూ ఉంటే పోతుంది. ముందు బల్ల మీద పెట్టండి మహానుభావా."

అత్తగారు చెయ్యి కొంగుకి తుడుచుకుంటూ వచ్చింది. కూనని ఒళ్ళో వెల్లకిలా పడుకోబెట్టి, "ఏరా గాడిదా, అన్నం తినవట్రా?" అంటూ పక్కటెముకల మధ్య రెండు వేళ్ళు పెట్టి, పిల్లాడికి ఊగే పాలపన్ను పీకినంత సులువుగా, ఆ గుసగుసని పైకి తీసేసింది. నెత్తురూ లేదు, గాటూ లేదు. ఆవిడ గుప్పిట్లో అది తేనెటీగలా జుమ్ముమంటోంది.

"సీసా!" అంది.

కోడలు సీసా తీసి, మూత తిప్పబోయి, పళ్ళు బిగించి, మొహం ఎర్రబడేదాకా తిప్పి, ఓడిపోయి ఇచ్చేసింది. అత్తగారు ఖాళీగా ఉన్న చేత్తో ఒక్క తిప్పు తిప్పింది.

"కుక్క కడుపు కోసి కుట్టేస్తావు. సీసా మూత తీయలేవు. ఏం చదువుకున్నావే తల్లీ!"

"మీరు బిగించినంత గట్టిగా మా కాలేజీలో ఎవరూ బిగించలేదు లెండి."

రొట్టెలాయన ఇదంతా చూసి ఒక్కటే అడిగాడు: "రేపు స్నానం చేయించచ్చా?"

అంతే మరి. ఆ ఊళ్ళో ఎవరికీ అది వింత కాదు. కూనల్లో వచ్చే గుసగుసలు చాలామటుకు వాటంతటవే పోతాయని డాక్టరమ్మే చెబుతుంది. పాలపళ్ళు ఊడే వయసుకి అవీ ఊడిపోతాయి. కాకపోతే కొన్ని పోవు. ఏది పోతుందో, ఏది గుండెలో వేళ్ళూనుకుంటుందో కూనని చూసి చెప్పడం కష్టం. అందుకని "కూనప్పుడే తెచ్చి చూపించండర్రా" అని కనపడిన ప్రతివాడికీ చెప్పేది. వేళ్ళూనుకున్నాక అత్తగారి చెయ్యి కూడా ఏమీ చెయ్యలేదు. అది బయటికొచ్చేది ఇక ఆఖరి ఊపిరితోనే.

తీసిన గుసగుసలన్నీ వంటింటి అరల్లో సీసాల నిండా ఉండేవి. బిస్కెట్ల సీసాలు, మందుల సీసాలు, మూత ఉన్న ప్రతి సీసా. మధ్యాహ్నం పూట అవన్నీ కలిసి సన్నగా పాడుతుంటే అత్తగారు కాళ్ళు చాపుకుని వింటూ కునుకు తీసేది. "నీ మొగుడు పంపించిన రేడియో కంటే ఇవే నయం. వార్తలు చెప్పవు" అనేది.

ఒక్క సీసా మాత్రం వేరే. పై అరలో, గోడకి ఆనించి, చుట్టూ పాత తువ్వాలు చుట్టి ఉండేది. అది పాడదు. లోపల్నించి మూతని తంతుంది. ఆ తన్నుకి పక్కనున్న గ్లాసులు గలగలమనేవి.

అది చుక్కది.

చుక్క నల్లకుక్క, నుదుట తెల్ల చుక్క. డాక్టరమ్మ బల్ల మీదే పుట్టింది. పుట్టినప్పుడు ఊపిరి లేకపోతే, ఆవిడ తువ్వాలుతో రుద్ది రుద్ది, నోట్లో నోరు పెట్టి ఊది బతికించింది. కానీ కుక్క ఆవిడది కాదు. అత్తగారి తమ్ముడిది.

ఆయన్ని ఊరంతా ఈలాయన అనేది. మెళ్ళో ఇత్తడి ఈల. గొర్రెలమంద పోటీల్లో ఆయన్ని మించినవాడు లేడు. కొండమీద చెదిరిపోయిన గొర్రెల్ని కుక్క చేత కూడగట్టించి, కిందికి తోలించి, దొడ్డిలో పెట్టించి తలుపు వెయ్యాలి. అదీ పోటీ. మనిషి గిరిగీసిన చోటునుంచి కదలకూడదు, నోరు విప్పకూడదు, ఈల ఒక్కటే. చిన్న ఈల వేస్తే కుక్క కుడికి, రెండు వేస్తే ఎడమకి, పొడుగ్గా వేస్తే ఉన్నపళంగా ఆయన దగ్గరికి. చుక్కకి ఆ పొడుగీల అంటే ప్రాణం. తింటున్నది వదిలేసి వచ్చేది. పిల్లలకి పాలిస్తున్నా విదిలించుకుని వచ్చేది.

కూనగా ఉన్నప్పుడు డాక్టరమ్మ ఎన్నోసార్లు అడిగింది, "మావయ్యగారూ, ఒకసారి తీసుకురండి, వింటాను" అని. ఆయన చెయ్యి ఊపేసేవాడు. "గుసగుసా? అన్ని కూనలకీ ఉంటుంది. అదే పోతుందిలే."

పోలేదు. చుక్క నాలుగు ఈతలు ఈనాక దగ్గడం మొదలుపెట్టింది. అప్పుడు తెచ్చాడు. డాక్టరమ్మకి బిళ్ళతో పనే లేకపోయింది, అరచెయ్యి ఆనిస్తే చాలు, ఏటి అడుగున రాళ్ళు దొర్లుతున్నట్టు తెలిసిపోతోంది.

"ఇంక పరుగులు వద్దు. కొండ ఎక్కనివ్వద్దు. నీడన కూర్చోనివ్వండి, పిల్లల్ని నాకుతూ. మందులేస్తే చాలాకాలం బతుకుతుంది."

"పోటీకి దింపను. అక్క మీద ఒట్టు" అని ఆయన అత్తగారి నెత్తిన చెయ్యి పెట్టాడు. అత్తగారు ఆ చెయ్యి కింద కళ్ళు తుడుచుకుంది కూడా.

పోటీ రోజున చుక్క బరిలో ఉంది.

అత్తాకోడళ్ళు వార్త తెలిసి పరుగున వెళ్ళేసరికి గొర్రెలన్నీ దొడ్డిలో ఉన్నాయి. ఆఖరి గొర్రెని లోపలికి నెట్టి, చుక్క తలుపు దగ్గర పడుకుండిపోయింది. నాలుక నేరేడుపండు రంగు. అవతల గిరిలో నిలబడి ఈలాయన పొడుగీల వేస్తున్నాడు, రమ్మని. అది తల ఎత్తింది. లేవబోయింది. ముందు కాళ్ళు లేచాయి, వెనక కాళ్ళు లేవలేదు. ఆ పిలుపు అందుకోకుండానే పోయింది. అత్తగారు తలుపు పక్కన చతికిలబడి, ఆఖరి ఊపిరితో బయటికొచ్చిన ఆ గుసగుసని రెండు చేతులా పట్టుకుంది. పిల్లదాన్ని పట్టుకున్నంత బరువుందట.

సరే, కుక్క పోయింది. ఈలాయన కప్పు పుచ్చుకుని అరుగెక్కాడు. జనం వైపు తిరిగి కళ్ళొత్తుకుని ఏమన్నాడో తెలుసా?

"బంగారంలాంటి కుక్క. మందులు పోసి పోసి గుండె పాడుచేశారు. డాక్టర్ల చేతిలో పెట్టకపోతే ఇంకా పదేళ్ళు పరిగెత్తేది."

డాక్టరమ్మ అక్కడే ఉంది, ఒళ్ళో చుక్క తల పెట్టుకుని. జనం కప్పునీ చూశారు, ఆవిడనీ చూశారు. చేతిలో కప్పున్నవాడి మాటే నిజమనిపించింది వాళ్ళకి. ఆ నెలంతా ఆస్పత్రి బెంచీ మీద ఈగలు తప్ప ఎవరూ కూర్చోలేదు. రొట్టెలాయన లాంటి ఒకరిద్దరు తిరిగొచ్చారు గానీ, మందల వాళ్ళు రాలేదు. కూనలు గుసగుసలతోనే పెరిగాయి, వేళ్ళూనుకున్నాయి. ఆ ఊరి కొండమీద దగ్గే కుక్కలు ఎక్కువయ్యాయి. ప్రతి దగ్గూ ఆవిడ కడుపులో మంటే.

డాక్టరమ్మది మరిచిపోయే మనసు కాదు. చిన్నప్పుడు తన పలక పగలగొట్టిన పిల్ల పేరూ ఊరూ ఇప్పటికీ చెబుతుంది. అలాంటి మనిషి ఈలాయన్ని వదులుతుందా? ఆయన అక్కని చూడ్డానికి వచ్చినప్పుడల్లా కాలు విరిగిన కుర్చీ వేసేది. టీలో ఉప్పు వేసేది.

"ఇదేంటమ్మా ఉప్పగా ఉంది?"

"అయ్యో, డబ్బాలు పక్కపక్కన ఉన్నాయండి మావయ్యగారూ. మందులే సరిగ్గా పొయ్యడం రానిదాన్ని, టీ ఏం పోస్తాను!"

ఆయన నవ్వేసి తాగేసేవాడు. అదీ ఆవిడకి మంట. ఉప్పు టీ కూడా హాయిగా తాగేవాణ్ణి ఏం చెయ్యాలి?

ఏడాది అలా గడిచింది. మళ్ళీ పోటీలు దగ్గరపడ్డాయి. ఒక ఉదయం ఈలాయన అక్కని పిలవడానికి వచ్చాడు. వెంట ఒక కుర్రకుక్క. నల్లది, నుదుట చుక్క.

"చుక్క కూతురే అక్కా. ఆఖరి ఈతలోది. పిల్లచుక్క. ఈసారి ఇదే దిగుతోంది. తల్లికి ఇది వీసమెత్తు కూడా తక్కువ కాదు, చూద్దువుగాని."

పిల్లచుక్క తిన్నగా వచ్చి డాక్టరమ్మ పాదాల మీద కూర్చుంది. ఆవిడ వంగి దాని రొమ్ముకి అరచెయ్యి ఆనించింది. మొహంలో రంగు మారిపోయింది.

"అత్తయ్యా, ఒకసారి ఇలా రండి."

అత్తగారు కూడా చెయ్యి పెట్టింది. ఏటి అడుగున రాళ్ళు. తల్లిదే, కాస్త చిన్నది. ఆవిడ రెండు వేళ్ళతో లాగి చూసింది. కదల్లేదు.

"కూనప్పుడు ఎందుకు తేలేదురా?" అంది తమ్ముడితో.

"మళ్ళీ మొదలెట్టారా మీ ఇద్దరూ! కూనలన్నాక ఉంటుందక్కా. అదే పోతుందిలే."

"పాలపళ్ళు పోయాయి మావయ్యగారూ, ఇది పోలేదు" అంది డాక్టరమ్మ. "దీన్ని కొండకి పంపిస్తే తల్లి దారే. పచ్చబిళ్ళ నేనివ్వను."

పోటీకి దిగే కుక్క మెడపట్టీకి డాక్టరు కట్టిన పచ్చబిళ్ళ ఉండాలి. అది ఆ ఊరి పద్ధతి. కిందటేడు ఆయన చుక్కకి ఇంకో కుక్క బిళ్ళ తగిలించి దించేశాడు. ఈసారి ఆయనకి ఆ అవస్థ కూడా లేదు. గెలిచినవాడే మరుసటేడు పోటీపెద్ద.

"ఆ బిళ్ళ పద్ధతి తీసేశానమ్మా. కుక్కలు కాళ్ళతో పరిగెత్తుతాయి గానీ బిళ్ళలతో పరిగెత్తవు." ఆ మాటకి తనే నవ్వుకుని, తోలుపట్టీ లాగాడు. పిల్లచుక్క డాక్టరమ్మ పాదాల మీంచి లేవనంది. లాగితే లేచింది.

"ఒరేయ్ తమ్ముడూ, నా నెత్తిన చెయ్యి పెట్టావు కిందటేడు" అంది అత్తగారు నెమ్మదిగా.

"నీకేమైందక్కా? గుండ్రాయిలా ఉన్నావు. కుక్కే కదా!"

ఆయన వెళ్ళిపోయాక అత్తగారు కాలు విరిగిన కుర్చీలో కూర్చుంది. విరిగిందన్న సంగతి కూడా గుర్తులేదు ఆవిడకి.

డాక్టరమ్మ ఎదురుగా నిలబడింది. "ఆ సీసా నాకివ్వండత్తయ్యా."

"ఏ సీసా?"

"తెలియనట్టు అడక్కండి. అది ఆయన గుండెలో పడాలి. పడితే తెలుస్తుంది."

"నా చంకనెత్తుకుని పెంచానే వాణ్ణి! మా అమ్మ పోతే నేనే అన్నం పెట్టాను. నా చేత్తో వాడి గుండెలో పెట్టమంటావా?"

"పెట్టకపోతే పిల్లచుక్క పోతుంది. మళ్ళీ అరుగెక్కి డాక్టరే చంపిందంటాడు. మీరు ఈ వంటింట్లోనే కూర్చుని మీ రేడియో వింటూ ఉండండి."

అత్తగారు కొంగుతో కళ్ళొత్తుకుంది.

సరిగ్గా అప్పుడే కొండమీద ఈల వినపడింది. ఈలాయన పిల్లచుక్కకి తర్ఫీదు ఇస్తున్నాడు. ఒక చిన్నది. రెండు చిన్నవి. తరవాత పొడుగీల, గాలిని చీరేస్తూ.

పై అరలో తువ్వాలు కదిలింది. సీసా గెంతింది. గ్లాసుల్ని తోసుకుంటూ, అర చివరికి, కిటికీ వైపు. ఇంకొక్క గెంతు గెంతితే కిందపడేదే, డాక్టరమ్మ అందుకుంది. లోపల గుసగుస మూతకి తల కొట్టుకుంటోంది. తింటున్నది వదిలేసి వచ్చే చుక్కే, ఏం మారలేదు.

అత్తాకోడళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఎవరూ పెట్టక్కర్లేదత్తయ్యా," అంది డాక్టరమ్మ, గొంతు తగ్గించి. "మూత తీస్తే చాలు. ఆయనే పిలుచుకుంటాడు."

అత్తగారు మొహం గోడవైపు తిప్పుకుంది. "నేను ఇవ్వను," అంది. "నువ్వు తీసుకుంటే అడ్డం రాను. నన్నేమీ అడక్కు."

ఇప్పుడే, ఈ కిటికీలోంచే మూత తీసేస్తే పోయేది కదా అనుకుంటారేమో. డాక్టరమ్మ ఒప్పుకోదు. అందరి ముందు అన్నమాట అందరి ముందే తిరగాలి. అదీ ఆవిడ పంతం.

పోటీ రోజు ఎండ బాగా కాసింది. మందలవాళ్ళు, ఉన్ని మిల్లువాళ్ళు, రొట్టెలాయన, అందరూ కంచె చుట్టూ చేరారు. డాక్టరమ్మ పెద్ద సంచీ ఒళ్ళో పెట్టుకుని ముందు వరసలో కూర్చుంది. పక్కన అత్తగారు, మంచి చీర కట్టుకుని, తిన్నగా కొండవైపే చూస్తూ. సంచీ అప్పుడప్పుడూ ఎగురుతోంది.

"ఏముందమ్మా అందులో, కోడిపెట్టా?" అన్నాడు రొట్టెలాయన.

"పాత పేషెంటు" అంది డాక్టరమ్మ.

ఈలాయన అరుగెక్కాడు. పోటీపెద్ద కదా, నాలుగు మాటలు చెప్పాలి. చెప్పాడు. చుక్క గురించి చెప్పాడు, గొంతు గద్గదం చేసుకుని. "ఈ పిల్లకి మాత్రం ఒక్క మందు చుక్క కూడా తగలనివ్వలేదు. చూడండి ఎలా పరిగెత్తుతుందో!" అని ముందు వరస వైపు చూసి చిరునవ్వు నవ్వాడు. జనంలో కొందరు కిసుక్కుమన్నారు. అత్తగారి దవడ బిగుసుకుంది.

ఆయన గిరిలోకి వెళ్ళి నిలబడ్డాడు. చిన్న ఈల వేశాడు.

పిల్లచుక్క నల్లదారంలా కొండెక్కింది. ఏం పరుగు అది! పగవాడైనా ముచ్చటపడాలి. గొర్రెల వెనక్కి చుట్టొచ్చి, వాటిని పోగుచేసి, వాలులోకి తిప్పింది. కుడికి, ఎడమకి, మళ్ళీ కుడికి. జనం అరుస్తున్నారు. డాక్టరమ్మ మాత్రం దాని నోరే చూస్తోంది. సగం వాలు దిగేసరికి నాలుక రంగు తేలిపోయింది. మూడొంతులు దిగేసరికి ఒకసారి కూర్చుంది, దగ్గింది, లేచింది. ఒక గొర్రె పక్కకి చీలింది.

ఈలాయన మొహం చిట్లించాడు. కుక్కని ఒకసారి దగ్గరికి లాక్కుని మళ్ళీ తోలాలి. ఈల నోటికి దగ్గరగా తీసుకున్నాడు. ఊపిరి నిండా పీల్చాడు. అది పొడుగీల కోసమే అని కంచె చుట్టూ ఉన్న ప్రతి ఒక్కరికీ తెలుసు.

డాక్టరమ్మ సంచీలోంచి సీసా తీసి మూత తిప్పింది.

రాలేదు.

చీర కొంగు వేసి తిప్పింది. రాలేదు. మోకాళ్ళ మధ్య బిగించి, పళ్ళు కొరికి, రెండు చేతులా తిప్పింది. ఏడాది పాటు పగ పెంచింది, ఉప్పు టీలు కలిపింది, పాదాల మీద కూర్చున్న పిల్ల ఎదురుగా నాలుక వేలేసి నిలబడింది, తీరా చూస్తే మూత రాదు! "ఛీ, ఛీ, ఛీ" అంటోంది, కళ్ళ నీళ్ళు కారిపోతున్నాయి. లోపల చుక్క చెవులు రిక్కించినట్టు ఒక్కసారి నిశ్శబ్దమైపోయింది.

పక్కనుంచి ఒక ముడతల చెయ్యి వచ్చి సీసా లాక్కుంది.

"ఎప్పటికి నేర్చుకుంటావే తల్లీ, మూత తీయడం" అంది అత్తగారు. తమ్ముడి మీంచి చూపు తిప్పకుండా, ఒక్క తిప్పు తిప్పింది.

ఈలాయన పొడుగీల వేశాడు.

కంచె పక్కన గడ్డి విడిపోయింది. ఏమీ కనపడలేదు గానీ, ఒక కుక్క పరిగెత్తితే గడ్డి ఎలా పడుకుని లేస్తుందో అలా పడుకుని లేచింది, సీసా దగ్గర్నించి గిరి దాకా, తిన్నగా. ఊపిరంతా ఊదేసి ఆయన రొమ్ము ఖాళీగా ఉంది. అది ఆగలేదు. ఒక్క గెంతు. ఆయన రెండు చేతులూ గుండెకి ఆనించుకుని, ఎవరో మీదకి ఉరికినట్టు వెనక్కి తూలి, గిరిలోనే చతికిలబడ్డాడు. ఈల నోట్లోంచి జారి మెళ్ళో వేళ్ళాడింది.

ఈల ఆగిపోయింది కాబట్టి పిల్లచుక్క కూడా ఆగింది. గొర్రెల్ని గాలికొదిలేసి నీడున్న బండ పక్కన పడుకుంది, రొప్పుతూ. డాక్టరమ్మ కంచె దూకిందో, దూరిందో ఎవరూ చూళ్ళేదు. దాని దగ్గరుంది అంతే. అరచేతిలో నీళ్ళు పట్టింది. నాలుక మెల్లగా గులాబీరంగుకి తిరిగింది. అప్పుడు గానీ ఆవిడ తలెత్తి గిరివైపు చూడలేదు.

అత్తగారు తమ్ముడి చొక్కా గుండీలు విప్పి రొమ్ము మీద చెయ్యి పెట్టి కూర్చుని ఉంది. అందరికీ వినపడుతోంది. ఏటి అడుగున రాళ్ళు దొర్లుతున్నాయి.

"చుక్కది కదూ?" అన్నాడు ఒక మందలాయన.

"చుక్కదే" అన్నాడు ఇంకొకడు. "ఆ చప్పుడు నాకు తెలుసు. మంద కాపలా రాత్రుళ్ళు నా పక్కనే పడుకునేది."

"ఏం మందు పోశారో మరి ఈయనకి" అన్నాడు రొట్టెలాయన, ఆకాశం వైపు చూస్తూ. ఎవరూ నవ్వలేదు. ఒకరిద్దరు టోపీలు తీశారు. ఒకరిద్దరు తమ కుక్కల రొమ్ములు తడుముకున్నారు.

"తీసెయ్యక్కా," అన్నాడు ఈలాయన, చెమటలు కక్కుతూ. "నీ కాళ్ళు పట్టుకుంటాను, తీసెయ్యి."

అత్తగారు రెండు వేళ్ళు పెట్టి లాగింది. నిజంగానే లాగింది, తమ్ముడు కదా. కదల్లేదు.

"వేళ్ళూనుకుందిరా. నీకు పాలపళ్ళు పోయి ఎన్నాళ్ళయింది!"

ఆ ఏడు కప్పు ఎవరికిచ్చారో ఎవరికీ గుర్తులేదు. మర్నాడు పొద్దున డాక్టరమ్మ తలుపు తీసేసరికి మందలవాళ్ళు బారులుతీరి ఉన్నారు, చంకల్లో కూనలతో. పచ్చబిళ్ళ పద్ధతి కూడా మళ్ళీ వచ్చింది, ఎవరూ పెట్టమనకుండానే.

ఈలాయన పోలేదు. ఆ గుసగుసతో జాగ్రత్తగా ఉంటే చాలాకాలం బతకచ్చని డాక్టరమ్మ ముందే చెప్పింది కదా. కాకపోతే ఈల మాత్రం పనికిరాదు. తను ఊదినా, కొండమీద ఇంకెవరు ఊదినా, ఆయన ఒక్క అడుగు వెయ్యకుండానే రొమ్ములో పరుగు మొదలవుతుంది. కుడికి, ఎడమకి, కొండెక్కి, కొండదిగి. పోటీల రోజైతే ఇంట్లో తలుపులు మూసుకుని, చెవుల్లో దూది పెట్టుకుని, పక్కమీద కూర్చుని, మందనంతా దొడ్డికి చేర్చి గానీ ఊపిరి తీసుకోడు. మెళ్ళో ఈల తీసి అక్క చేతిలో పెట్టేశాడు. పిల్లచుక్క పట్టీని డాక్టరమ్మ అడక్కుండానే తీసుకుంది.

ప్రతి వారం వస్తాడు ఆస్పత్రికి. మనుషుల డాక్టర్లకి ఆ చప్పుడు అర్థం కాలేదట. కూనలతో పాటు బెంచీ మీద కూర్చుని తన వంతు కోసం చూస్తాడు. ఆయనకి మాత్రం డాక్టరమ్మ బిళ్ళ వెచ్చబెట్టదు. చల్లగానే ఆనిస్తుంది. ఆయన ఉలిక్కిపడతాడు. ఆవిడ కళ్ళు మూసుకుని, తీరిగ్గా, పాట వింటున్నట్టు వింటుంది.

"పరుగులొద్దు. కొండ ఎక్కద్దు. నీడన కూర్చోండి" అంటుంది.

ఆ బెంచీయే ఆయన నీడ. కూర్చోగానే, లోపల ఎక్కడున్నా సరే పిల్లచుక్క గోళ్ళ చప్పుడు చేసుకుంటూ వచ్చేస్తుంది. బెంచీ ఎక్కి, ఆయన ఒళ్ళోకి పాకి, రొమ్ముకి చెవి ఆనించి కళ్ళు మూసుకుంటుంది. కూనప్పుడు పాలు తాగుతూ విన్న చప్పుడు అది. తల్లి ఉండగా ఎక్కడికి పోతుంది? తోసినా పోదు, తిట్టినా పోదు. బాగా ఎదిగింది కూడానేమో, మంచి బరువు.

"అమ్మా, డాక్టరమ్మా," అన్నాడు ఒకరోజు ఈలాయన, పిల్లచుక్క కింద కదల్లేక, ఆయాసపడుతూ. "ఇది తగ్గే దారేమీ లేదా?"

డాక్టరమ్మ రొట్టెలాయన కొత్త కూనకోసం బిళ్ళని అరచేతిలో వెచ్చబెడుతోంది. తల తిప్పలేదు.

"ఎందుకండీ అంత కంగారు మావయ్యగారూ," అంది. "అదే పోతుందిలే."